చిక్కడపల్లిలో 640 అడుగుల రంగుల ఫ్లాట్ అమ్మకం: ప్రాజెక్టు డైరీ

పాత అపార్ట్‌మెంటులో చిన్న ఫ్లాటు అమ్మదలచినవారికి పనికివస్తాయని ఈ వివరాలను దశలవారీగా రాసిపెడుతున్నాను. ఏ పని ఎందుకు చేశామో, ఏది వృథా అయిందో, ఎక్కడ ఎంత ఖర్చయిందో ఉన్నదున్నట్టుగా ఉంటుంది. సొంత ఫోను ఖర్చులనూ, మేము తిరిగిన ఖర్చులనూ లెక్కలో వేయలేదు.

ఆస్తి వివరం: హైదరాబాదు చిక్కడపల్లిలో 1996లో కట్టిన నాలుగంతస్తుల భవనం, రెండో అంతస్తు, ఉత్తరం గుమ్మం. దస్తావేజులో 640 చదరపు అడుగులు, భూమిలో అవిభాజ్య వాటా 26 గజాలు, టూవీలర్ పార్కింగ్ మాత్రమే ఉంది. చిక్కడపల్లి మెట్రో స్టేషనూ, త్యాగరాయ గానసభా, సిటీ సెంట్రల్ లైబ్రరీ మూడూ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. 2010-11లో కొన్నాము, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి అప్పట్లో 15,20,000 రూపాయలు అయింది. హాలు మామిడిపండు పసుపు, పడకగది నెమలికంఠం నీలం, చిన్న గది చిలకాకుపచ్చ, వంటగది ఇటుక రంగు, బాల్కనీ గ్రిల్లు రాణి రంగు. చూసిన ప్రతి ఏజెంటూ మొదట చెప్పిన మాట ఒక్కటే: మొత్తం ఐవరీ వేయించేయండి.

దశ 1: కొలతలు (వైశాఖ, జ్యేష్ఠ మాసాలు)

రంగుల సంగతి తేల్చుకునే ముందు ఇల్లు కొలిచాము. దస్తావేజులోని 640 అడుగులలో గోడలూ, మెట్లూ, కామన్ ఏరియా వాటా అన్నీ కలిసి ఉంటాయి కనుక, కొనేవారు టేపు పట్టుకొని వచ్చినప్పుడు తేడా కనిపించి అనుమానం మొదలవుతుంది. ఆ లెక్కను మనమే ముందు చెప్పడం మేలు. లేజర్ మీటరుతో తీసిన కొలతలు ఇవి, చదరపు అడుగులలో:

1. హాలు: 137
2. పడకగది: 110
3. చిన్న గది: 77
4. వంటగది: 52
5. స్నానాలగది: 26
6. నడవ: 28
7. లోపలి అడ్డుగోడలు: 24

మొత్తం 454. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యంలో, లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలూ బాల్కనీ కలవవు. అందువల్ల 33 అడుగుల బాల్కనీని విడిగా చూపించాము. గోడకు సిమెంటు పూత ఉబ్బిన చోట లేజర్ చుక్క పడితే కొలత అంగుళం దాకా తగ్గుతుంది. అందుచేత ప్రతి గదినీ నేలకు అడుగున్నర ఎత్తులో ఒకసారి, నడుము ఎత్తులో మరొకసారి కొలిచి, తక్కువ వచ్చిన అంకెనే రాసుకున్నాము.

చెమ్మ కొలిచే రెండు సూదుల మీటరును కూడా కొన్నాము. ఇది కర్రకు తయారుచేసిన పరికరం కనుక గోడమీద అది చూపే శాతాన్ని అసలైన తేమగా తీసుకోకూడదు. ఒక గోడతో ఇంకొక గోడను పోల్చడానికి మాత్రం పనికివస్తుంది. పొడిగా ఉన్న హాలు గోడలపై 10, 11 చూపించింది. పడకగదిలో స్నానాలగదిని ఆనుకొని ఉన్న గోడపై స్కర్టింగు దగ్గర 24, మూడడుగుల ఎత్తులో 19, ఆ పైన 11 వచ్చింది. కింద ఎక్కువై పైకి తగ్గుతున్నదంటే పై అంతస్తు నుంచి కారడం లేదని, నీరు మా స్నానాలగది నేలలో నుంచే గోడలోకి ఎక్కుతున్నదని అర్థం. పై ఇంటివారితో గొడవ పడవలసిన అవసరం లేకుండా పోయింది.

ఖర్చు: లేజర్ మీటరు 1,900, చెమ్మ మీటరు 1,400. ఇప్పటివరకు: 3,300

దశ 2: చెమ్మ (ఆషాఢం)

ఆషాఢంలో ఇల్లు చూడడానికి వచ్చేవారు ఉండరు, వచ్చినా బయానా ఇవ్వరు. మరమ్మతులకు అనువైన కాలమని ఆ నెలను ఎంచుకున్నాము. అయితే అది వానాకాలం కూడా కావడంతో గోడలు ఆరడానికి అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది. మళ్లీ ఎవరైనా చేస్తే చెమ్మ పనిని ఎండాకాలంలో ముగించి, ఆషాఢాన్ని రంగులకు ఉంచుకోవడం మంచిది.

మొదటి ప్రయత్నం విఫలమైంది. గోడ గీకి, పైన చెమ్మ ఆపే పూత రెండు చేతులు వేస్తే సరిపోతుందని పెయింటర్ అనడంతో ఆ పనే జరిగింది. వారం తిరగకముందే పూత అడుగున నీరు చేరి, రూపాయి బిళ్లంత పొక్కులు లేచాయి. ఒకదాన్ని గోటితో చిదిపితే నీటిచుక్కతో పాటు తెల్లని ఉప్పుపొడి రాలింది. నీరు వచ్చే దారిని మూయకుండా గోడ ముఖాన్ని మూస్తే ఆ నీరు లోపలే నిలిచి పూతను నెడుతుంది. ఆ 3,200 రూపాయలు పోయినట్టే.

రెండోసారి చేసిన వరస ఇది:

1. స్నానాలగది నహానీ ట్రాపు (నేలమీది నీరు బయటికి పోయే జాలీ కింది గిన్నె) నోటిని బిగించి, నేలపై అంగుళం నీరు రోజంతా నిలిపాము. మట్టం తగ్గింది, స్కర్టింగు దగ్గర మీటరు 24 నుంచి 27కు పెరిగింది. దారి తెలిసిపోయింది.
2. ట్రాపు చుట్టూ ఉన్న టైళ్లు తీయించి చూస్తే ట్రాపుకూ కాంక్రీటుకూ మధ్య సిమెంటు పూర్తిగా రాలిపోయి ఉంది. కొత్త ట్రాపు పెట్టించి, చుట్టూ కుంచించుకుపోని గ్రౌటు నింపించాము.
3. మిగిలిన టైళ్ల సందులలో పాత తెల్లసిమెంటును గీయించి ఎపాక్సీ గ్రౌటు వేయించాము.
4. అదే నీటి పరీక్షను మళ్లీ చేశాము. ఈసారి మట్టం నిలిచింది.
5. పడకగది వైపు మూడున్నర అడుగుల ఎత్తు వరకు పాత ప్లాస్టరింగు కొట్టించి, ఇటుకను ఫ్యాన్ గాలికి వదిలేశాము. మీటరు 14కు దిగేవరకు కొత్త ప్లాస్టరింగు వేయనివ్వలేదు.

ఐదో పని దగ్గర మేస్త్రీకీ మాకూ చాలా వాదన జరిగింది. ఖాళీ ఇటుక గోడను అన్ని రోజులు చూస్తూ కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. మరో చోట పని ఒప్పుకున్నానని వెళ్లిపోయి, మీటరు 13 చూపించిన తరువాతే తిరిగివచ్చాడు. ఆ ఆలస్యమే మాకు కలిసివచ్చింది. ఆ గోడ మళ్లీ పొంగలేదు.

ఖర్చు: వృథా పూత 3,200, ప్లంబింగు, గ్రౌటు 9,800, ప్లాస్టరింగు 6,500. దశ మొత్తం 19,500. ఇప్పటివరకు: 22,800

దశ 3: ఏ రంగు ఉంచాలి, ఏది తీయాలి

ఐవరీ సలహాను గుడ్డిగా పాటించకుండా, గదిలో వెలుతురు ఎంత ఉందో ఫోనులోని లక్స్ యాప్‌తో చూశాము. ఇదీ పోల్చుకోవడానికే పనికివచ్చే అంకె. లైట్లు ఆర్పి, పగలు పదకొండు గంటలకు, గది మధ్యలో బల్ల ఎత్తున చూస్తే హాలులో 210, పడకగదిలో 150, చిన్న గదిలో 60 వచ్చింది. చిన్న గది కిటికీకి ఎదురుగా ఏడడుగుల దూరంలోనే పక్క భవనం గోడ ఉంది. వచ్చే కొద్దిపాటి వెలుతురును చిలకాకుపచ్చ మింగేస్తున్నది. పైగా ఆ గదిలో నిలబడినవారి ముఖాలు కూడా పచ్చగా కనిపిస్తున్నాయి.

కాబట్టి హాలు పసుపును కదపలేదు. పడకగదిలో మంచం వెనుక గోడకు మాత్రం నీలం ఉంచి, కొత్తగా ప్లాస్టరింగు చేసిన గోడతో సహా తక్కిన మూడింటికీ ఆఫ్‌వైట్ వేయించాము. చిన్న గది మొత్తం ఆఫ్‌వైట్. అన్ని గదుల సీలింగులకూ తెలుపు. వంటగది జోలికి పోలేదు. రాణి రంగు గ్రిల్లుకు తుప్పు గీకి, రెడాక్సైడు కొట్టించి, అదే రంగు మళ్లీ వేయించాము. వీధిలోంచి చూసేవారికి ఫ్లాటు ఏదో చెప్పడానికి అంతకు మించిన గుర్తు లేదు.

ముదురు రంగు మీద లేత రంగు వేసేటప్పుడు ప్రైమరు మానేస్తే డబ్బు ఆదా కాదు. చిన్న గదిలో ఒక గోడకు ప్రైమరు లేకుండా రెండు చేతులు వేయించి చూస్తే పచ్చదనం ఇంకా తొంగిచూస్తూనే ఉంది. తక్కిన మూడు గోడలకు ప్రైమరు వేసి రెండు చేతులతో ముగిసింది. పని అయ్యాక అదే వేళకు, అదే చోట లక్స్ 60 నుంచి 115కు చేరింది. సీలింగు తెల్లబడడం వల్ల హాలులో కూడా 210 నుంచి 245 అయింది.

ఖర్చు: రంగులు, పుట్టీ, కూలీ 21,700, బల్బులు 1,250. దశ మొత్తం 22,950. ఇప్పటివరకు: 45,750

దశ 4: ఫోటోలు, ప్రకటన, చూపించే వేళలు (శ్రావణం)

మొదట తీసిన ఫోటోలు అన్నీ తీసివేయవలసి వచ్చింది. తెల్ల ట్యూబులైటూ పసుపు వెలుతురు బల్బూ ఒకేసారి వెలుగుతుంటే కెమెరా ఏ తెలుపును నమ్మాలో తేల్చుకోలేక, పసుపు హాలును ఆవపిండి రంగులో చూపించింది. బల్బులన్నీ ఒకే రకానివి మార్చి, ఫోటో తీసేటప్పుడు వాటిని కూడా ఆర్పి, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపు కిటికీ వెలుతురుతోనే తీశాము. కెమెరాలో వైట్ బ్యాలెన్సును ఒక తెల్లకాగితం మీద నిలిపి తాళం వేస్తే గది నుంచి గదికి రంగు మారదు. వెడల్పు లెన్సు వాడలేదు. ఫోటోలో పెద్దదిగా కనిపించిన గది, వచ్చి చూసినప్పుడు ఉన్నదానికన్నా చిన్నదిగా తోస్తుంది.

ప్రకటనలో ఐదు విషయాలు ముందుగానే రాశాము: కార్పెట్ 454 అడుగులు, భూమి వాటా 26 గజాలు, కారు పార్కింగ్ లేదు, వంటగది వాయవ్యంలో ఉంది, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఫోన్లు సగానికి తగ్గుతాయని ఏజెంటు వారించాడు. నిజంగానే తగ్గాయి, కానీ కారు పార్కింగ్ లేదని గుమ్మం దగ్గర తెలుసుకొని వెనుదిరిగేవారి కోసం ఆదివారాలు పాడుచేసుకునే అవసరం కూడా తప్పింది. ఆన్‌లైనులో డబ్బు కట్టి పైన చూపించే ప్యాకేజీ కొన్నందుకు ఏజెంట్ల ఫోన్లే తప్ప కొనేవారి ఫోన్లు రాలేదు. చివరికి కొన్నవారు గేటుకు కట్టిన బోర్డు చూసి వచ్చినవారే.

వాస్తు చూసేవారిని తీసుకువస్తే దిక్సూచిని హాలు మధ్యలో పెట్టించండి. ఒకరు బాల్కనీ ఇనుప గ్రిల్లు పక్కన ఫోను పట్టుకొని గుమ్మం ఈశాన్యానికి తిరిగి ఉందని తేల్చేశారు. ఆరడుగులు లోపలికి వచ్చేసరికి సూది ఉత్తరానికి వచ్చింది. ఇనుము దగ్గర ఏ దిక్సూచీ నిజం చెప్పదు.

శబ్దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కొత్త సినిమా విడుదలైన శుక్రవారం సాయంత్రం బాల్కనీ తలుపు తెరిస్తే ఫోను యాప్ 74 డెసిబెల్స్, మూస్తే 57 చూపించింది. ఆదివారం ఉదయం తెరిచినా 55 దాటలేదు. ఆదివారం ఉదయం చూసి నచ్చినవారిని సాయంత్రం ఏడింటికి మరోసారి రమ్మన్నాము. రెండోసారి వచ్చినవారే ధర మాట్లాడారు. కుటుంబాలకన్నా ఎక్కువగా, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు తీసుకునే పిల్లలకు అద్దెకు ఇవ్వవచ్చునని లెక్కవేసుకున్నవారే ఈ శబ్దాన్ని తేలికగా తీసుకున్నారు.

ఖర్చు: ప్రకటన ప్యాకేజీ 2,400. ఇప్పటివరకు: 48,150

దశ 5: ధర

అడిగినది 38 లక్షలు. ఈ అంకెను ఇరుగుపొరుగు మాటలమీద కాక, భవనం ఇంటి నంబరుపై తీసిన ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తిపై రిజిస్టర్ అయిన లావాదేవీల పత్రం) కనిపించిన ఇతర ఫ్లాట్ల అమ్మకాల ఆధారంగా వేసుకున్నాము. ఈసీలో ఉండేది రిజిస్టర్ అయిన విలువే కనుక చేతులు మారిన అసలు మొత్తం అంతకన్నా ఎక్కువ కావచ్చు. అయినా కింది హద్దు తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన మార్కెట్ విలువను కూడా ఆ శాఖ సైటులో చూసుకోవాలి. ఒప్పందం ధర దానికన్నా తక్కువైతే స్టాంపు డ్యూటీని ఆ మార్కెట్ విలువమీదే కట్టవలసి వస్తుంది. తేడా 10 శాతం దాటితే అమ్మినవారి ఆదాయపు పన్నులో కూడా దాన్నే అమ్మకం ధరగా లెక్కిస్తారు.

ఒకరు 37 లక్షలు ఇస్తామన్నారు, అయితే అందులో 22 లక్షలకే రిజిస్ట్రేషన్, తక్కినది నగదు. ఒప్పుకోలేదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గాని అంతకు మించి గాని నగదుగా తీసుకుంటే, ఈ అమ్మకం నాటికి అమలులో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం 269ఎస్ఎస్ సెక్షను ప్రకారం తీసుకున్నవారిపైనే దానికి సమానమైన జరిమానా పడవచ్చు. ఈ నియమం కొనేవారిది కాదు, అమ్మేవారిది అన్న సంగతి చాలామందికి తెలియదు.

దశ 6: కాగితాలు (భాద్రపదం)

ఎక్కువ కాలం తిన్న దశ ఇదే. శ్రావణం చివరలో ఒక యువజంట 35,50,000కు ఒప్పుకొని బయానా ఇచ్చారు. వారి బ్యాంకు న్యాయ సలహాదారు ఈసీ చూసి ఫైలు ఆపేశారు. 2010లో మేము తీసుకున్న గృహరుణానికి టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు, అంటే అసలు దస్తావేజులను బ్యాంకులో తాకట్టు పెట్టినట్టు, ఈసీలో ఉంది. 2018లో అప్పు తీరిపోయి అసలు దస్తావేజులు మా చేతికి వచ్చినా, విడుదల పత్రం రిజిస్టర్ కాలేదు. చేతిలో నో డ్యూస్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఈసీ మారదు. మా రుణం ఇచ్చిన శాఖ ఆ మధ్య వేరొక శాఖలో కలిసిపోయింది. సంతకం చేసే అధికారం ఎవరిదో అక్కడివారు తేల్చేలోపు మహాలయ పక్షాలు వచ్చాయి. ఒప్పందంలో 45 రోజుల గడువు రాసుకున్నాము కనుక యువజంట బయానా వెనక్కి తీసుకున్నారు, మేమూ పూర్తిగా ఇచ్చేశాము.

పాత రుణం ఉన్నవారు ప్రకటన ఇవ్వకముందే చేయవలసినవి:

1. 30 ఏళ్ల ఈసీ తీయండి. 1983 నుంచి ఆన్‌లైనులోనే దొరుకుతుంది.
2. అందులో తనఖా లేదా డిపాజిట్ ఎంట్రీ ఉంటే, దానికి ఎదురుగా విడుదల ఎంట్రీ కూడా ఉందో చూడండి. పాత ఎంట్రీ చెరిగిపోదు, కొత్తది చేరుతుంది, అంతే.
3. లేకపోతే బ్యాంకు అధికారి సంతకంతో విడుదల పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించండి. ఆయన స్వయంగా రావాలి, కాబట్టి తేదీ ముందు ఖాయం చేసుకొని స్లాటు తరువాత తీసుకోండి.
4. సెర్సాయ్ (తనఖాలను నమోదుచేసే కేంద్ర రిజిస్ట్రీ) రికార్డులో కూడా ఆ తనఖాను తీసివేయమని బ్యాంకును లిఖితపూర్వకంగా అడగండి.
5. కొత్త ఈసీ తీసి చూసుకోండి.

దీనితో పాటు 1996 నాటి లింకు దస్తావేజు (మాకన్నా ముందటి యాజమాన్యాన్ని చూపేది) సర్టిఫైడ్ కాపీ, మంజూరైన ప్లాను కాపీ, ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ బకాయిలు లేవనే పత్రం ఒకే ఫైలులో పెట్టాము. అన్నింటిలోనూ ఇంటి నంబరు, ఇంటిపేరు స్పెల్లింగు ఒకే తీరుగా ఉండాలి. ఆస్తిపన్ను రసీదులో మా ఇంటిపేరుకు ఒక అక్షరం తగ్గితే, దాన్ని సరిచేయించాకే ముందుకు వెళ్లాము.

ఖర్చు: విడుదల పత్రం, రాతకోతలు కలిపి 4,600, కాపీలు, ఈసీలు 1,850, అసోసియేషన్ బకాయి 6,000. దశ మొత్తం 12,450. ఇప్పటివరకు: 60,600

దశ 7: ఒప్పందం, రిజిస్ట్రేషన్ (దసరా తరువాత)

నల్గొండ జిల్లా నుంచి ఒక లెక్చరర్, కోచింగు కోసం ఇక్కడ హాస్టల్లో ఉంటున్న కూతురితో వచ్చారు. గేటు బోర్డు చూసినది ఆ అమ్మాయే. ఆయన గదులు చూడడానికి పది నిమిషాలు, ఫైలు చూడడానికి గంట తీసుకున్నారు. "రంగులదేముంది సార్, నచ్చకుంటే మేమే మార్చుకుంటాం. లింకు డాక్యుమెంట్లు అన్నీ ఉన్నాయా, అది చెప్పండి" అన్నారు. అమ్మాయి మాత్రం హాలు పసుపు అలాగే ఉంచుదామని తండ్రితో పక్కకు వెళ్లి చెప్పింది. స్నానాలగది ట్రాపు మార్చిన బిల్లు, చెమ్మ మీటరు అంకెలు రాసుకున్న కాగితం కూడా ఆయన జిరాక్సు తీసుకున్నారు.

35 లక్షలకు ఖాయమైంది. బేరంలో ఆయన వాడిన ఏకైక ఆయుధం కారు పార్కింగ్ లేకపోవడం; దానికి మా దగ్గర సమాధానం లేదు. ఆయన బ్యాంకు ఇంజనీరు వచ్చి కొలిచినప్పుడు కార్పెట్ 452 వచ్చింది, మా లెక్కకు రెండు అడుగులే తేడా. రుణం మొత్తాన్ని బ్యాంకు నిర్ణయించేది ఇంజనీరు వేసిన విలువను బట్టే కాని మనం రాసుకున్న ధరను బట్టి కాదు కనుక, ఆ రోజు ఫైలు అంతా సిద్ధంగా ఉంచుకోవాలి.

రిజిస్ట్రేషన్ ఖర్చు కొనేవారిదే: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం, అంటే 2,62,500. ధర 50 లక్షలకు తక్కువ కనుక 1 శాతం టీడీఎస్ (కొనేవారు ధరలోంచి ముందే పట్టుకొని కట్టే పన్ను) వర్తించలేదు. బోర్డు చూసి వచ్చినవారే అయినా, బేరం కుదిర్చి కాగితాలు నడిపినందుకు ఏజెంటుకు 1 శాతం ఇచ్చాము.

ఖర్చు: కమీషను 35,000. ఇప్పటివరకు: 95,600

దశ 8: పన్ను లెక్క

రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇల్లు కాబట్టి ఇది దీర్ఘకాలిక మూలధన లాభం. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తికి, భారతదేశంలో నివసించే వ్యక్తులు రెండు పద్ధతులలో తక్కువ పన్ను వచ్చేదాన్ని ఎంచుకోవచ్చు. కమీషను తీసేస్తే అమ్మకం విలువ 34,65,000.

1. ఇండెక్సేషన్ (కొన్న ఖరీదును ధరల పెరుగుదల సూచీతో పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం: లాభం 19,45,000. సెస్సుతో పన్ను 2,52,850.
2. ఇండెక్సేషన్‌తో 20 శాతం: 2010-11 సూచీ 167, 2025-26 సూచీ 376. కొన్న ఖరీదు 34,22,275 అవుతుంది, లాభం 42,725. సెస్సుతో పన్ను 8,890.

మరమ్మతులనూ రంగులనూ ఈ లెక్కలో తీసివేయలేదు. అవి అమ్మకం ఖర్చులుగా చెల్లవు. అమెరికాలోనో దుబాయిలోనో ఉండి ఇక్కడి ఫ్లాటు అమ్మే ప్రవాసులకు రెండో పద్ధతి లేదు. పైగా ధర 50 లక్షల లోపు ఉన్నా కొనేవారు వారి దగ్గర టీడీఎస్ పట్టుకోవాలి. మా పక్క ఫ్లాటు యజమాని ఈ కారణంగానే అమ్మకం ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టారు.

ఖర్చులు 95,600, పన్ను 8,890 పోగా 35,00,000లో చేతికి మిగిలింది: 33,95,510

కరెంటు కనెక్షను, ఆస్తిపన్ను పేరు మార్పులకు కొత్త యజమాని దరఖాస్తు పెట్టుకున్నారు. ఐటీఆర్-2 దాఖలు చేసేందుకు కొనుగోలు దస్తావేజు కాపీ, అమ్మకం దస్తావేజు కాపీ, కమీషను రసీదు మా దగ్గర ఉంచుకున్నాము. ట్రాపు బిల్లు, పెయింటు షేడు నంబర్లు, గ్రిల్లు రంగు డబ్బాలో మిగిలిన సగం తాళాలతో పాటు ఆయనకు ఇచ్చేశాము.